దిమ్మె దగ్గర దిగేవాళ్ళు

మా ఆయన పేరు నేను నోటితో పలికింది రెండే రెండుసార్లు. మొదటిది పెళ్ళయి అత్తారింటికి వచ్చిన రోజు. ఆడపడుచులిద్దరూ గడపకి అడ్డంగా చేతులు పెట్టి, మొగుడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తామన్నారు. సిగ్గుతో చచ్చిపోతూ ఎవరికీ వినపడకుండా చెప్పాను. వాళ్ళు ఒప్పుకోలేదు. వెనకనుంచి మా ఆయన, "నాకు వినపడిందిలే, వదిలేయండే" అన్నాడు. రెండోసారి కిందటేడు వేసవిలో, రోడ్డు మీద, జేసీబీ ముందు. ఈ మధ్యలో ఎవరడిగినా నేను చెప్పలేదు. రేషన్ కార్డు చూపించేదాన్ని, లేకపోతే పక్కనున్నవాళ్ళు చెప్పేవారు. ఇది రాసిపెడుతున్న మా వీధి అంగన్‌వాడీ అమ్మాయికి కూడా చెప్పలేదు. నువ్వూ రాయక్కర్లేదన్నాను.

మాది ఏలూరు నుంచి కొల్లేరు వైపు వచ్చే రోడ్డు మీద ఊరు. కొల్లేరు ఎండితే ఆ బురదనేలలో పేదోళ్ళం వరి చల్లుకునేవాళ్ళం, నీళ్ళొస్తే వలలేసుకునేవాళ్ళం. తర్వాత పెద్దోళ్ళు గట్లు పోసి దాన్ని చేపల చెరువులు చేసుకున్నారు. మా ఆయన కూలి సంఘం మనిషి. ఆ నేల పేదోళ్ళదే, గట్లు తెంపుతామని జనాన్ని కూడగట్టాడు. ఊళ్ళో ఆయన్ని కమ్యూనిస్టు అనేవారు, నన్ను కమ్యూనిస్టు పెళ్ళామనేవారు. ఊడుపులకి పిలిచే మేస్త్రి వీధిలో నిలబడి, "ఆ కమ్యూనిస్టు పెళ్ళాం తప్ప మిగతావాళ్ళు రండి" అనేవాడు. మా ఆయనకి చెప్తే నవ్వేవాడు. నవ్వితే కడుపు నిండుతుందా అని నేను గొడవపడేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే గట్టు మీదకని వెళ్ళిన మనిషిని మధ్యాహ్నానికి చెరువులోంచి తీశారు. తల వెనక పగిలి ఉంది. వీపు మీద కర్ర వాతలు. ఒళ్ళు కడిగింది నేనే, నాకు ఒకళ్ళు చెప్పక్కర్లేదు. చెరువు ఆసామి మనుషులు మాత్రం, చేపలు దొంగతనానికొచ్చి కాలు జారి పడ్డాడన్నారు. మా ఆయన చేప తినేవాడు కాదండి. చిన్నప్పుడు గొంతులో ముల్లు దిగి చావు తప్పించుకున్నాడట, అప్పట్నించీ వాసనే పడేది కాదు. కొల్లేరులో పుట్టి పప్పుచారు తాగి బతికినవాడు. ఆ మాట కోర్టులో చెప్పబోతే, అమ్ముకోవడానికి దొంగిలించాడేమో అన్నాడు వాళ్ళ ప్లీడరు. కొట్టడం కళ్ళారా చూశామన్నవాళ్ళు బోను ఎక్కాక చూడలేదన్నారు. వాళ్ళనీ ఏమనను. తెల్లారితే ఆ చెరువుల మీదే కదా వాళ్ళకి కూలి. కేసు పోయింది. మా ఆయన దొంగగా మిగిలిపోయాడు.

అప్పుడు సంఘంవాళ్ళు చందాలేసుకుని బస్సు ఆగేచోట సిమెంటు దిమ్మె కట్టారు. ఎర్ర రంగేసి, తాడేపల్లిగూడెంలో రాయి చెక్కించి ఆటోలో తెచ్చి దానికి అమర్చారు. నాకు చదువు రాదు. సంఘం నాయకుడు నాకు మరిది వరస. ఆయన దగ్గరుండి చూపించాడు. పై లైనులో 'ఆసామి గూండాల చేతిలో హతుడైన' అని ఉంది, కింద మీ ఆయన పేరు అని. ఆ పేరు అక్షరాలు వేలితో దిద్దుకుని దిద్దుకుని పట్టుకున్నాను. ఇప్పటికీ ఏ కాగితంలో ఉన్నా ఆ పేరొక్కటి పోల్చుకోగలను. పై లైను చదవలేను గానీ దాని పొడుగు తెలుసు. ఈయన దొంగ కాదు, ఈయన్ని చంపారు అని చెప్పేది ఊరంతటికీ ఆ రాయొక్కటే.

దిమ్మె మీద బట్టలారేసేవారు, చేపల బుట్టలు దించుకునేవారు, పేకాడేవారు. నాకు కోపం వచ్చేది కాదు. ఆయన బతికున్నా పక్కకి జరిగి చోటిచ్చేవాడే. ఆ స్టాపుకి అదే పేరైంది. "దిమ్మె దగ్గర దిగేవాళ్ళు ముందుకి రండి" అని కండక్టరు కేకేస్తే, ఎవరో మా ఇంటికి చుట్టాల్ని పిలుస్తున్నట్టుండేది.

కొన్నేళ్ళకి ఎన్నికలొచ్చాయి. మా సంఘం పార్టీకీ, ఆసామి కొడుకున్న పార్టీకీ పొత్తు కుదిరింది. దిమ్మెకి కొత్త రంగు పడింది. వెళ్ళి చూద్దును కదా, ఆ పొడుగు లైను లేదు. దాని మీద సిమెంటు మెత్తేసి ఏదో చిన్న మాట రాశారు. మరిది ఇంటికెళ్ళాను.

"పైన లైను ఏమైంది మరిదీ?"

"అమరుడు అని రాయించాం వదినా. అంతకన్నా పెద్ద మాట లేదు."

"ఎలా పోయాడో ఉండొద్దా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అందరికీ తెలిసిందే కదా. మళ్ళీ రాయాలేంటి?"

కొత్తగా మా వీధిలోకి కాపురానికొచ్చిన పిల్ల ఒకర్తి ఆ మధ్య నన్నడిగింది, మామ్మగారూ, ఆయన వరదల్లో పోయారా అని. అమరుడంటే వరదల్లో పోయినవాడు అనుకుంది పాపం.

కిందటేడు వేసవిలో రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. దిమ్మె తీసేస్తారని తెలిసింది. మరిదికి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నాడు, మాట సరిగా రాదు. నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి ఏడ్చాడు. ఏలూరు వెళ్ళి కలెక్టరాఫీసులో నిలబడితే రోడ్డువాళ్ళనడగమన్నారు. రోడ్డువాళ్ళు పనిరోజున రమ్మన్నారు.

పనిరోజున వెళ్ళాను. ఇంజినీరు కుర్రాడు చెడ్డవాడు కాదు. జేసీబీ ఆపించి, ఎవరిదండీ ఈ దిమ్మె, పేరేంటి, కావలసినవాళ్ళుంటే పక్కన వేరేచోట పెట్టిస్తాను అన్నాడు. ఊరు సగం అక్కడే ఉంది. ఆసామి పోయి చాలాకాలమైంది, ఆయన కొడుకు గొడుగేసుకుని వచ్చాడు.

"పాతదండీ. ఎప్పుడో ఎవరో చెరువులో పడి పోతే కట్టారు" అన్నాడు. అని నా వైపు తిరిగి, "పిన్నిగారూ, ఎండలో నిలబడ్డారేంటండీ, గొడుగు కిందకి రండి" అన్నాడు. నిజంగానే గొడుగు నా మీదకి వంచాడు.

నేను పక్కకి జరిగాను. ఎవరో ఒకరు పేరు చెప్తారని చూశాను. మా ఇంట్లో అన్నం తిన్నవాళ్ళున్నారు. కేసుల్లో మా ఆయన పక్కన జైల్లో పడుకున్నవాడున్నాడు. వాడి మొహంలోకి చూస్తే వాడు జేసీబీ చక్రం వంక చూశాడు. పేరు చెప్పడానికే ఒక్కడికీ నోరు రాలేదు. ఇంక నేనే చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. "నా పెనిమిటండి. పడి పోలేదండి, చంపారండి" అన్నాను.

ఇంజినీరు చుట్టూ చూసి, నిజమేనాండీ అనడిగాడు. మళ్ళీ కోర్టులో జరిగినట్టే. ఎవరూ పెదవి కదపలేదు. వెనకాల ఆడవాళ్ళలో మాత్రం ఒకర్తి కిసుక్కుమంది, "మొగుణ్ణి పేరెట్టి అనేసిందే!" అని. సాయంత్రం వీధి కుళాయి దగ్గర కూడా అదే మాట. చంపారని నేనన్న సంగతి ఎవరూ ఎత్తలేదు, పేరు పలికిన సంగతే చెప్పుకున్నారు.

కుర్రాడు కాగితం చూసుకుని, "నా దగ్గర పాత సిమెంటు దిమ్మె అనే ఉందమ్మా. మీరు అర్జీ పెట్టుకోండి" అని జేసీబీకి చెయ్యి ఊపాడు. ఎంతోసేపు పట్టలేదు. రాయి ముక్కలైంది. చేతికందిన ముక్కొకటి కొంగులో వేసుకొచ్చాను. దాని మీద నాకు తెలిసిన అక్షరం ఒక్కటీ కనపడలేదు. ఈ అమ్మాయికి చూపిస్తే, "'రుడు' అని ఉంది మామ్మగారూ, అంతే" అంది. పేరున్న ముక్కలు కంకరలో కలిసి రోడ్డు కిందకి పోయాయి.

ఇప్పుడక్కడ బస్సు షెల్టరు కట్టారు. ఆసామి ఫోటో, పేరు, కింద 'పేదల పెన్నిధి' అని ఉందట. పాలరాతి అరుగు వేశారు. నీడ బాగుంటుంది, అబద్ధమెందుకు.

నేను నెలనెలా షుగరు బిళ్ళలకి ఏలూరు పెద్దాసుపత్రికి వెళ్తాను. బస్సులో ఆడవాళ్ళకి డబ్బుల్లేవు గానీ, ఎక్కడ దిగేదీ చెప్పి టిక్కెట్టు కొట్టించుకోవాలి. మొదట్లో దిమ్మె దగ్గర అన్నాను. కండక్టరమ్మాయి మిషన్‌లో వెతికి, అలాంటి స్టాపు లేదండీ మామ్మగారూ అంది. తర్వాత కొన్నాళ్ళు, మాకంటే ముందొచ్చే ఊరి పేరు చెప్పి అక్కడ దిగి నడిచొచ్చాను. మోకాళ్ళు వాచి ఇంక నడవలేకపోయాను.

అందుకని ఇప్పుడు ఆ పేరే చెప్తున్నాను. ఆసామి పేరు, చివర గారు కూడా చేర్చి. అలా అంటేనే కండక్టరు పిల్లకి స్టాపు తెలుస్తుంది. దిగాక కాళ్ళు లాగుతుంటే ఆ అరుగు మీదే కాసేపు కూర్చుని ఇంటికి పోతాను.