పాకం ముదిరిన జిగురు

ఆయనకు స్క్రూల బాబాయ్ అని పేరు పెట్టింది కళ్లద్దాల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి. ఫ్రేములకు అద్దాలు బిగించడం, ఊడిన కాడలకు ఆవగింజంత స్క్రూలు తిప్పడం ఆయన పని. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ చేతులు ఊరుకునేవి కావు. వంటగది పక్కనున్న ఇరుకు గదిలో, కిటికీ కింద బల్ల వేసుకుని, ప్లాస్టిక్ ముక్కల పెట్టెలు కొనితెచ్చి బొమ్మ ఓడలు, విమానాలు అతికిస్తూ కూర్చునేవాడు.

ఈసారి మొదలుపెట్టింది రెండంతస్తుల ప్రయాణికుల పడవ. ఆదివారం పొద్దున్నే పడవ పొట్ట రెండు సగాలూ సిద్ధం చేసుకుని జిగురు సీసా అందుకున్నాడు. తిప్పకుండానే మూత చేతికొచ్చేసింది. ఎవరో తీసి, బిగించకుండా ఊరికే పైన ఆనించి పోయారు. లోపల జిగురు పాకం ముదిరినట్టు ముదిరి, బ్రష్షును పట్టుకుని వదలనంటోంది.

“ఈ ఇంట్లో నా వస్తువు ముట్టుకోనివాళ్లే లేరా?”

“నన్ను చూస్తారేంటండీ? ఆ కంపు సీసా జోలికి నేనెందుకొస్తాను?” అంది భార్య, గరిటె చేత్తో పట్టుకునే.

ఇక మిగిలింది అత్తగారు. ముందుగదిలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటోంది. ఆవిడ చెవి మిషన్ కిందపడి పగిలి చాలా రోజులైంది. “రేపు చూస్తాను అత్తయ్యా” అని ఆయన అంటూనే ఉన్నాడు, ఆ రేపు మాత్రం రాలేదు. వినపడదన్న ధీమాతో, “ఇంకెవరు, ఆ మహాతల్లే అయ్యుంటుంది” అని గొణిగాడు.

రంగుల్ని పలచన చేసే థిన్నర్ జిగురును మాత్రం పలచన చెయ్యదా అనుకుని, సగం జిగురు చిన్న గిన్నెలోకి తీసి అందులో థిన్నర్ పోశాడు. అది విరిగిన పాలలా ముక్కలు ముక్కలైంది. తిట్టుకుంటూ పారబోశాడు.

పైపుల పనిచేసే బావమరిది ఆ మధ్యాహ్నం వచ్చాడు. “నా పైపూ ప్లాస్టిక్కే, నీ పడవా ప్లాస్టిక్కే. నా జిగురు రాయి బావా, తేడా వస్తే నాది పూచీ” అన్నాడు. రాసిన కాసేపటికి పై అంతస్తు అంచు ఎండకు పెట్టిన మైనంలా కుంగిపోయింది. ఫోన్ చేస్తే పూచీదారు ఎత్తలేదు.

మర్నాడు పని అయ్యాక బొమ్మల దుకాణానికి వెళ్లాడు.

“మీరు వాడేది ఇప్పుడు రావట్లేదండీ,” అన్నాడు దుకాణదారు. “అదే కంపెనీది పల్చటి రకం ఉంది.”

“నీళ్లలా ఉంది. ఇదేం అతుకుతుంది?”

“అయితే ఇది తీసుకెళ్లండి. క్షణంలో పట్టేస్తుంది.”

క్షణంలోనే పట్టేసింది, ముందు వేలికి, తర్వాత పడవ కిటికీకి. తెల్లారేసరికి అద్దంలాంటి ఆ కిటికీ ముక్క మీద తెల్లటి పొగమంచు కమ్మింది. రుద్దినా పోలేదు. “ఒక్క మూత! ఒక్క మూత సరిగ్గా పెట్టి ఉంటే నాకీ శని పట్టేదా?” అని గదిలో పచార్లు చేస్తూ అత్తగారి వంశాన్నంతా తలచుకున్నాడు. ముందుగదిలో పేపరు పేజీ తిరిగిన చప్పుడు తప్ప మరేమీ లేదు.

చివరికి మళ్లీ దుకాణానికే వెళ్లి, తాను వెక్కిరించిన ఆ పల్చటి సీసానే కొన్నాడు. రెండు సీసాల చీటీలూ భూతద్దం కింద పెట్టి చదివాడు. రెండింట్లోనూ ఉన్నది ఒకటే ద్రావకం. పాతదాంట్లో అదనంగా కాస్త ప్లాస్టిక్ కరిగించారు, అందుకే చిక్కన. మూత తెరిచి ఉంటే గాల్లోకి పోయింది ద్రావకమే. పోయినదాన్ని మళ్లీ పోస్తే సరి!

కిటికీ తెరిచి, మిగిలిన జిగురులో పల్చటిది చుక్క చుక్కగా వేస్తూ కలిపాడు. తొందరపడలేదు. మూత బిగించి నానబెట్టి, పొద్దున్న చూస్తే బ్రష్షు నుంచి తేనెలా జారింది. రెండు తుక్కు ముక్కలు అతికించి ఆరాక లాగితే, పక్కన విరిగాయి గానీ అతుకు దగ్గర ఊడలేదు.

“హమ్మయ్య! ఇక ఆ మహాతల్లి చెయ్యి పడకుండా దీన్ని అల్మారాలో పెట్టి తాళం వేస్తా!”

“తాళంచెవి నాకివ్వండి అల్లుడుగారూ,” అంది ముందుగదిలోంచి అత్తగారు. “మీరైతే పారేసుకుంటారు.”

ఆయన సీసాను బల్ల మీద పెట్టేశాడు. మెల్లగా వెళ్లి చూస్తే ఆవిడ చెవిలో మిషన్ ఉంది.

“మీకు... ఎప్పటినుంచి వినపడుతోంది అత్తయ్యా?”

“శనివారం నుంచి. మీ రేపు కోసం ఎన్నాళ్లని కూర్చోను? నేనే అతికించుకున్నాను. మా వంశం గురించి మీకింత తెలుసని నాకు తెలీదు సుమా.”

వంటగదిలో భార్య నవ్వు ఆపుకోలేక గిన్నె జారవిడిచింది.

మిషన్ తీయించి భూతద్దం కింద చూశాడు. అతుకు దగ్గర గీతైనా కనపడలేదు. అంత శుభ్రంగా తన పడవ కూడా అతకలేదు. మండిపోయింది, ఎవరి మీదో తేల్చుకోలేకపోయాడు.

“సరే, మూతైనా బిగించాలి కదండీ!”

“బిగిస్తే తిరిగిందా? సీసా మెడ చుట్టూ ఎండిన జిగురు పెచ్చులు కట్టింది. ఎప్పుడైనా తుడిచారా మీరు?”

తుడవలేదు. గుడ్డ తెచ్చి సీసా మెడ గీకి గీకి తుడిచాడు. “ఇన్నాళ్లూ అన్నవన్నీ... మనసులో పెట్టుకోకండి” అన్నాడు తల ఎత్తకుండా. ఆవిడ బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని, పడవ సగాలు రెండింటినీ నొక్కి పట్టుకుంది. ఆయన అతుకు వెంట బ్రష్షు నడిపాడు.

కుంగిన అంచును ఆకురాయితో సరిచేశాడు. పొగమంచు పట్టిన కిటికీకి మాత్రం వేరే ముక్క దొరకలేదు.

“దానికెందుకు బాధ?” అంది అత్తగారు. “స్నానాలగది అనుకుంటారు లెండి.”

ఆయనకు అప్పుడు నవ్వు రాలేదు. మర్నాడు దుకాణంలో ఎవరివో కళ్లద్దాలు బిగిస్తుండగా వచ్చింది. చేతిలోని స్క్రూ ఎగిరి ఎక్కడో పడి, మళ్లీ దొరకనే లేదు.