చెక్కపట్టీ వెనక సందు

ఈ పరాయి దేశంలో, ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. అటు గదిలో నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే వరంగల్ నర్సక్క. ఇటు గదిలో మా ఆవిడ మృదంగం. పెళ్ళయ్యాక మానేసిన విద్యని ఆమె ఈ మధ్యే మళ్ళీ మొదలుపెట్టింది.

నర్సక్క రెండోసారి తలుపు తట్టింది.

"తమ్మీ, చెల్లె మంచిగనే కొడ్తది. గానీ నిద్ర లేక డ్యూటీల కండ్లు మూతలు పడ్తున్నయ్."

ఆమె వెళ్ళాక మా ఆవిడ మృదంగం మీద గుడ్డ కప్పింది. "ఇంకోసారి ఆవిడ చేత చెప్పించుకోనండీ. ఆపలేకపోతే దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం."

చవగ్గా దొరికాయని స్పాంజి పలకలు తెచ్చి గోడంతా అంటించాను. గదిలో మోత తగ్గి మృదంగం శుభ్రంగా వినిపించింది. వెళ్ళి అడిగితే, పక్కింట్లోనూ శుభ్రంగానే వినిపిస్తోందట. స్పాంజి గదిలోని ప్రతిధ్వనిని పీలుస్తుంది తప్ప, గోడ దాటే చప్పుణ్ణి ఆపదు.

అప్పుడు ప్లాస్టర్‌బోర్డు పలకలతో గోడలు కట్టే గుంటూరు అతన్ని పిలిచాను. చదువుకోవడానికి వచ్చి ఈ పనిలో స్థిరపడ్డవాడు. గోడ మీద వేలితో కొట్టి చూపించాడు.

"ఇదీ మృదంగం తోలే అన్నా. అక్క అక్కడ కొడితే ఇది ఊగుద్ది, అవతల గాలిని ఊపుద్ది. బరువు పెంచితే ఊగడం తగ్గుద్ది."

పాత గోడకి తగలకుండా రబ్బరు క్లిప్పుల మీద కొత్త చట్రం, లోపల దూది, పైన రెండు పొరల బరువైన బోర్డు, అంచులన్నిటికీ సందులు మూసే సీలెంట్ జిగురు. ఇదీ అతను ఖర్చు వేసి రాసిచ్చిన కాగితం.

మా నాన్నది తెనాలిలో ఇనప సామాన్ల కొట్టు. పెద్ద సరుకు జోలికి పోకుండా చీటీలో ఆఖరి పంక్తి దగ్గర బేరానికి పట్టుబట్టడం అక్కడే నేర్చుకున్నాను.

"సీలెంట్ తీసెయ్యి. నేనే పూసుకుంటా."

"కింద సందు వదిలేస్తే మిగతాదంతా దండగ అన్నా."

సరుకు అమ్మేవాళ్ళందరూ అనే మాటే కదా అని నవ్వాను. అతను బోర్డులు బిగించి వెళ్ళాక కంటికి కనపడే అంచులన్నీ పూశాను. గోడ అడుగున చెక్కపట్టీ కప్పేసే సందు మాత్రం వదిలేశాను. మా కొట్లోనూ అరల ముందువైపుకే రంగు వేసేవాళ్ళం.

మా ఆవిడ వాయిస్తుంటే నర్సక్క గదికి వెళ్ళి గోడకి చెవి ఆనించాను. పైన నిశ్శబ్దం. కింద, నేల దగ్గర, ఒక్కొక్క దెబ్బా విడివిడిగా పలుకుతోంది.

గుంటూరు అతను మళ్ళీ వచ్చి పట్టీ ఊడదీశాడు. రూపాయి బిళ్ళ దూరేంత సందు, ఈ మూల నుంచి ఆ మూల దాకా.

"గాలి దూరేచోట చప్పుడు దూరుద్దని చెప్పాగా అన్నా. ఈసారి నే పూస్తా."

రెండోసారి వచ్చినందుకు ఎంతివ్వాలో చెప్పాడు. నేను బేరానికి నోరు తెరిచాను. గుమ్మంలోంచి మా ఆవిడ చూస్తోంది. మూసేశాను.

ఆ మధ్యాహ్నం నర్సక్క మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని మరీ విన్నది. ఎడమ చేతి దెబ్బ ఒక్కటే, ఎక్కడో మూట పడేసినట్టు, మెత్తగా.

"గింతనే అయితే ఫ్యాన్ సప్పుడుల కల్సిపోతది. కొట్టుకొమ్మను."

ఆ మాట వచ్చి చెప్పాను. మృదంగం మీది గుడ్డ ఇక అక్కర్లేదుగా, కారు తుడుచుకోవడానికి ఇమ్మన్నాను. ఏ బేరమూ ఆడకుండా ఇచ్చేసింది.