సూఖా డబ్బా

చెత్తబుట్టలో నారింజ తొక్కల వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాకప్పుడు పదేళ్ళు. గోవింద్‌పూర్‌లో మా కాలనీ ఫుట్‌బాల్ పోటీలకు వాలంటీర్‌ని. మైదానం పక్కన రెండు డబ్బాలు పెట్టారు. పొడిచెత్తకు సూఖా, తడిచెత్తకు గీలా. "సూఖా ఇటు, గీలా అటు" అని హిందీలో పొద్దున్నుంచీ గొంతు చించుకుంటున్నాను. ఆట చూడ్డానికి వచ్చిన మా అమ్మమ్మ, దోసెడు నారింజ తొక్కలు తెచ్చి సూఖాలో వేసింది.

"నానీ, యే గీలా హై!" అని అందరి ముందూ అమ్మమ్మ మీద హిందీలోనే అరిచాను.

"సూకా సూకా అని నువ్వే కదేటే అరుత్తన్నావు? సుకమనుకున్నాను. కట్టం డబ్బాలో ఎవరేత్తారు?"

అందరూ నవ్వారు. నేను సిగ్గుతో, మోచేతిదాకా చెయ్యిపెట్టి ఆ తొక్కలన్నీ ఏరి గీలాలో వేశాను.

సాయంత్రం చెత్త ట్రాక్టర్ వచ్చింది. డ్రైవర్ సూఖా డబ్బా అందులో బోర్లించాడు. దానిమీదే గీలా కూడా బోర్లించాడు! పొద్దున డబ్బాల పక్కన మాకు ఫోటోలు తీసిన కాలనీ పెద్దలు ఒక్కరూ వద్దనలేదు. ఏడుస్తూ అడ్డం వెళ్తే, "అన్నీ పోయేది ఒక్కచోటికే బేటీ" అన్నాడు డ్రైవర్.

అమ్మమ్మ నా చేతులు కడుగుతూ, "సుకమూ కట్టమూ ఒకే బండికెత్తినారు. మరి నామీదెందుకే అరిసేవు?" అంది.

ఆ ట్రాక్టర్‌ని ఈనాటికీ క్షమించలేదు. కానీ అమ్మమ్మ మీద అరిచింది ట్రాక్టర్ కాదుగా.