ఒళ్ళొచ్చాక సరిపోయే చుడీదార్

మా మరిది కువైట్‌లో పెళ్ళి చేసుకుని తీసుకొచ్చిన ఫిలిప్పీన్స్ అమ్మాయికి ఆదివారం చర్చికి చుడీదార్ కావాలి. ఈ రోజు అమలాపురంలో నాలుగు షాపులు తిరిగాం. మాకు అందే ధరలో ఉన్నవన్నీ ఆమెకి గోనెసంచుల్లా వేలాడాయి. చివరికి గుడ్డ కొని టైలరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కొలిచి, రెండంగుళాలు కలిపి రాసుకున్నారు.

“ఎందుకు ఎక్కువ?” అని వచ్చీరాని తెలుగులో అడిగింది.

“కొత్తగా పెళ్ళయింది కదండీ. రేపోమాపో ఒళ్ళొస్తుందండి.”

ఆమె కంగారుగా నా వైపు తిరిగింది. “అక్కా, నాకు ఇప్పుడు ఒళ్ళు లేదా?”

ఇవాళ్టి కొలతకే కుట్టమన్నాను.

“ఆయ్, అలాగేనండి. మీరెప్పుడైనా అలా కుట్టించుకున్నారాండీ?” అన్నారాయన.

ఇంటికొచ్చి బీరువా అంతా వెతికాను. ఆ రోజు కొలతకే కుట్టించుకున్నది ఒక్కటీ లేదు. మీ దగ్గరుందా?