రెండో సగం ఇంకా రాలేదు

తెర మీద బొమ్మ ఆడుతుంటే మా ఆయన క్షేమంగా ఉన్నట్టు. ఆగిపోతే రోడ్డు మీద ఏదో అయినట్టు. పెళ్ళై కోరుట్లకు కాపురానికి వచ్చిన కొత్తలో నేను సినిమాలన్నీ ఈ లెక్కనే చూశాను. అందుకే ఇప్పుడు ఎవరైనా ఫలానా పాత సినిమా ఎట్లా ఉంటుందని అడిగితే నాకు ఏం చెప్పాలో తోచదు. చూశానో లేదో కూడా గట్టిగా చెప్పలేను.

సంగతి ఏమిటంటే, అప్పట్లో పాత సినిమా మళ్ళీ వేస్తే జగిత్యాలకు, కోరుట్లకు కలిపి ఒకటే ప్రింటు వచ్చేది. ఆట ముందుగా జగిత్యాలలో మొదలయ్యేది. అక్కడ ఇంటర్వెల్ కాగానే మా ఆయన మొదటి సగం రీళ్ళున్న రేకు డబ్బాలను మోటర్ సైకిల్‌కు కట్టుకుని కోరుట్లకు తెచ్చేవాడు. ఇక్కడ అవి ఆడుతుండగా మళ్ళీ జగిత్యాల పోయి రెండో సగం తెచ్చేవాడు. ఇక్కడి ఇంటర్వెల్ అయిపోయేలోగా చేరాలి. చేరకపోతే జనం కుర్చీలు విరగ్గొడతారు, టాకీసు సేటు ఈయన ప్రాణం తీస్తాడు.

ఇంకొకరైతే ఇదేం తిప్పలు అనుకునేవారు. మా ఆయనకు పండుగ. ఆయన లెక్కలో అది రోజూ జరిగే మోటర్ పందెం. ఎదుటివాడు ఎవడయ్యా అంటే "ఇంటర్వెల్" అనేవాడు. బస్సును దాటితే చెప్పేవాడు, లారీని దాటితే చెప్పేవాడు. మలుపు దగ్గర బ్రేకు తొక్కకుండా ఎట్లా వంగాడో అన్నం ముందు కూర్చుని వంగి చూపించేవాడు. కూర చల్లారిపోయేది. నాకు ఒళ్ళు మండేది.

"ఎవలు మెచ్చుకుంటున్నరని గంత ఉరుకుడు?" అనేదాన్ని.

"బండికి తెలుస్తది," అనేవాడు.

ఆ రోజుల్లో ఆ రోడ్డు మంచిది కాదు. పగలు పోలీసులు ఆపేవారు, పొద్దు గూకితే అన్నలు, అంటే నక్సలైట్లు, ఆపేవారు. డబ్బాల్లో ఏముందని పోలీసులు అడిగితే, జగిత్యాలలో ఎవరెవరు కనబడ్డారని అన్నలు అడిగేవారు. రెండో ఆట ఎప్పుడో బందయింది. చీకటి పడేసరికి అందరూ ఇళ్ళలో ఉండాలని మొదటి ఆటను మధ్యాహ్నానికి జరిపారు. బండి వేగంగా పోతే దేని నుంచి పారిపోతున్నావంటారు, మెల్లగా పోతే ఎవరి కోసం చూస్తున్నావంటారు. ఎంత వేగంతో పోతే మనిషి మంచివాడో నాకు అర్థమయ్యేది కాదు. ఆయనకూ తెలియదు.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన ఆ బండి వదిలేసి నాతో సిరిసిల్లకు రావాలి. అది మా పుట్టిల్లు. మా అన్న కొత్తగా సాంచెలు పెట్టాడు. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. వాటిని నడిపే మనిషి కావాలని కబురు మీద కబురు పంపేవాడు. మా నాయిన మాత్రం గుంటమగ్గం వదల్లేదు. "కాలు తొక్కకుంట, చెయ్యి ఆడకుంట బట్ట దిగితే గది నేతెట్లయితది?" అంటూ సొంత కొడుకు షెడ్డులో అడుగు కూడా పెట్టలేదు. మా ఆయనకు సాంచెల మీద ఇంకో రకం కోపం. "గంత మోత చేసుకుంట ఉన్నకాడ్నే ఉంటది. గది ఏం మిషిన్?" అనేవాడు. మామ అల్లుళ్ళిద్దరూ సాంచెలను తిట్టడంలో ఒకటయ్యేవారు. ఇద్దరిలో ఎవరిది పాత పద్ధతో, ఎవరిది కొత్తదో నాకు తేలేది కాదు.

రోజూ అంట్లు తోముకుని టాకీసుకు పోయేదాన్ని. ఆడవాళ్ళ వైపు గోడ పక్కన చివరి బెంచీ నాది. గేటు కాడి ముసలాయన నన్ను టికెట్ అడిగేవాడు కాదు. అక్కడ కూర్చుంటే రోడ్డు మీద పోయే బండ్ల సప్పుడు వినబడుతుంది. మా ఆయన బండి గొంతు గీరుకున్నట్టు మోగేది, ఎన్ని బండ్లలో ఉన్నా పట్టేసేదాన్ని. అది వినబడ్డాకే నాకు తెర మీది పాటలు వినబడేవి.

ఆయనకు మాత్రం ఏ సినిమా అయినా సగమే. డబ్బాల కోసం ఆగాలి కాబట్టి మొదటి సగం జగిత్యాలలో వెనక నిలబడి చూసేవాడు. రెండో సగం తెచ్చి ఆపరేటర్ చేతిలో పెట్టాక ఒళ్ళు హూనమై, టాకీసు బయట చాయ్ తాగి అక్కడే బల్ల మీద ఒరిగేవాడు. ఆట విడిచాక ఇద్దరం బండి మీద ఇంటికి పోతుంటే "మరి ఏమైంది?" అని అడిగేవాడు. నేను వెనక కూర్చుని, గాలికి కొంగు అదిమి పట్టుకుని, మిగతా కథ చెప్పేదాన్ని. మంచి చోట నేను ఏ ముక్కైనా మరిచిపోతే బండి ఆపి మరీ అడిగేవాడు.

అట్లా ఉండగా కారు పందేల సినిమా ఒకటి వచ్చింది. చాలా పాతది, అరిగిపోయిన ప్రింటు. ఒక మెకానిక్ కొడుకు డొక్కు కారును బాగుచేసుకుని, షావుకారు కొడుకు కొత్త కారుతో పందానికి దిగుతాడు. ఇంటర్వెల్ ముందు షావుకారు మనుషులు ఆ డొక్కు కారు బ్రేకు వైరు కోసేస్తారు. మొదటి సగం డబ్బాలు తెచ్చి ఇచ్చినప్పుడు మా ఆయన ముఖం వెలిగిపోతోంది. "సూడు, సక్కగ సూడు. ఒక్క ముక్క ఇడిసిపెట్టొద్దు, నాకు మొత్తం చెప్పాలె," అని మళ్ళీ బండెక్కాడు.

బ్రేకు వైరు తెగింది. ఇంటర్వెల్ పడింది. లైట్లు వెలిగాయి. పల్లీలవాడు రెండు చుట్లు తిరిగి వెళ్ళాడు. బండి సప్పుడు లేదు. ఈలలు మొదలయ్యాయి. బెంచీల క్లాసులో ఎవడో బెంచీని ఎత్తి కొట్టాడు. సేటు తెర ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"రెండో సగం ఇంకా రాలే. అచ్చేదాంక మొదటి సగం మళ్ళ ఏస్తం, కూసోండ్రి."

మళ్ళీ అదే హీరో, అదే పాట, అదే నవ్వు. కారు కడుగుతూ ఇంతకు ముందు నవ్విన చోటే నవ్వాడు. నీ నవ్వు పాడుగాను అని తిట్టుకున్నాను. ఏ వంతెన కింద ఏ మందుపాతర ఉందో, ఎవరు ఎవరిని ఆపారో, ఎవరిని అడగాలో తెలియదు. సేటును అడిగితే డబ్బాల గురించే చెబుతాడు. పోలీసు స్టేషన్‌కు పోయి అడిగితే ఆయన లేనిపోని దాంట్లో ఇరుక్కుంటాడు. పక్కావిడ "అచ్చేటోడు అస్తడు తియ్యి" అంది. ఆమె సినిమా గురించి అందో, మా ఆయన గురించి అందో అర్థం కాలేదు. ఏడుపు వచ్చింది. తెర మీద అందరూ నవ్వుతున్న చోట నేను ఏడుస్తున్నాను.

బ్రేకు వైరు రెండోసారి తెగబోతుండగా గొంతు గీరుకున్న సప్పుడు వినబడింది. బయటికి పరుగెత్తాను. చొక్కా నిండా దుమ్ము, ఒక కాలికి చెప్పు లేదు.

"ఏమైంది?"

"పంక్చర్."

"పంక్చరైతే చెప్పెటు పోయింది?"

"లోపటికి పో. సినిమా సూడు. నాకు చెప్పాలె గద," అన్నాడు. డబ్బాలు ఎత్తుకుని ఆపరేటర్ గదికి పోయాడు.

ఆ రోజు రెండో సగం నాకు తల తిరిగేలా నడిచింది. మొదలవుతూనే హీరో తలకు కట్టుతో కనబడ్డాడు. దెబ్బ ఎప్పుడు తగిలిందో ఎవరికీ తెలియదు. తర్వాత పందెం జరిగింది, వాడు గెలిచాడు, మెడలో దండ వేశారు. అయిపోయిందని అందరం లేచి చెప్పులు వెతుక్కుంటుంటే మళ్ళీ చీకటైంది. హీరో కారు కొండ దిగుతోంది, బ్రేకు పడలేదు, లోయలో పడిపోయాడు. ఆసుపత్రిలో వాడి ముఖం మీద తెల్లగుడ్డ కప్పారు, తల్లి కూలబడింది, లైట్లు వెలిగాయి. "రీళ్ళు తారుమారు చేసిండ్రు" అని ఎవరో అరిస్తే ఆపరేటర్ బయటికొచ్చి, డబ్బా మూతల మీద సుద్దతో రాసిన అంకెల ప్రకారమే వేశానని ఒట్టు పెట్టాడు. ఆ పాత ప్రింటులో రీలు మొదట్లో అంకె ఉండే ముక్కలు కొంత బొమ్మతో సహా ఎప్పుడో తెగిపోయాయట, మూతనే నమ్మాలట. సరే అనుకున్నాం. ఆ రోజుల్లో పడుచు పిల్లవాడు చచ్చిపోతే ఇదేమిటని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

ఇంటికి పోయేటప్పుడు ఆయన బండిని నడక వేగంతో నడిపాడు. అట్లా నడపడం నేను అంతకు ముందు చూడలేదు.

"మరి ఏమైంది? గెలిచిండా?"

"గెలిచిండు. గెలిచినంక సచ్చిపోయిండు."

"గెలిచినంకనా?"

"గెలిచినంకనే. దండ గూడ ఏసిండ్రు."

ఆయన ఇంకేం అడగలేదు. ఎట్లా పడ్డాడు, ఎక్కడ పడ్డాడు, ఏమీ అడగలేదు. తెల్లవారి చాయ్ తాగుతూ "సిరిసిల్ల పోదాం" అన్నాడు. బండిని కోరుట్లలోనే అమ్మేశాడు. ఎన్ని నెలలు బతిమాలినా కదలని మనిషి ఒక్క పూటలో ఎట్లా మారాడో నాకు అంతుబట్టలేదు. సంతోషించాలో భయపడాలో తెలియక మూటలు కట్టాను. మరునాడు బంద్, టాకీసు తెరవలేదు. ఆ సినిమా మళ్ళీ కోరుట్లలో ఆడిందో లేదో తెలియదు.

సిరిసిల్లకు వచ్చిన కొన్నాళ్ళకు ఆ రోజు సంగతి కొంత చెప్పాడు. పోలీసులు వంతెన దగ్గర ఆపి, డబ్బాలన్నీ విప్పించి, రీళ్ళు తీసి రోడ్డు పక్కన పడేశారట. నెత్తి మీద తుపాకీ పెట్టి నిలబెట్టి, చాలాసేపటికి "సర్దుకొని పో" అన్నారట. ఓహో, ఇందుకే బండి వదిలాడన్నమాట అనుకున్నాను. అప్పటి నుంచి అదే అనుకుంటూ వచ్చాను. ఆయన సాంచెల మోతలో పడి ఒక చెవి వినికిడి పోగొట్టుకున్నాడు. మోటర్ సైకిల్ మళ్ళీ ముట్టలేదు. రోడ్డు మీద ఏదైనా బండి జోరుగా పోతే మాత్రం అది మలుపు తిరిగేదాకా చూసేవాడు. నాకు అదొక్కటే కష్టంగా ఉండేది.

ఇప్పుడు హాస్టల్ నుంచి మా మనుమరాలు వస్తే తాతా మనుమరాలు టీవీలో కారు పందేలు పెట్టుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు ఆయనకు కోపం వచ్చింది. పందెం నడుమ కారు ఆగితే, పది మంది ఉరికొచ్చి టైర్లు మార్చేస్తున్నారు.

"టైర్లు మంది ఇప్పితే గీయన కూసోని గెలుస్తడా? గది మంది పందెం."

"తాతా, ఇప్పుడు కరెంటు కార్ల పందేలు గూడ ఉన్నయి. సప్పుడే ఉండది," అంది మనుమరాలు.

"సప్పుడు లేకపోతే ఇంట్ల ఉన్నోళ్ళకు అస్తున్నట్టు ఎట్ల తెలుస్తది?"

నేను కూరగాయలు తరుగుతూ తలెత్తి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. అంత పాత పద్ధతుల మనిషి కూడా ఒకదాన్ని మెచ్చుకున్నాడు. నడిపేవాడి తల చుట్టూ ఇనుప కమ్మీ ఒకటి పెడుతున్నారు ఇప్పుడు. అది పెట్టినప్పుడు కారు అందం చెడిపోయిందని పాత అభిమానులు గొడవ చేశారని మనుమరాలు చెప్పింది. "అందం ఏం జేసుకుంటరు? గది మొదటి నుంచే ఉండాల్సింది," అన్నాడు. హెల్మెట్ లేకుండా లారీలను దాటిన మనిషి అన్నాడీ మాట. నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

అప్పుడే ఆయన ఆ పాత సినిమా కథ చెప్పాడు. మనుమరాలు ఫోన్‌లో వెతికి టీవీలో పెట్టేసింది. ఇన్నేళ్ళకు ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. అదే నవ్వు, అదే పాట. బ్రేకు వైరు తెగి తెర మీద విశ్రాంతి అని పడింది. మనిషి పక్కనే ఉన్నాడు, నాకు తెలుసు. అయినా చెవులు వాకిలి వైపు పోయాయి.

రెండో సగం మొదలవుతూనే కారు లోయలో పడింది. "గిది ఆఖరుకు కదా?" అన్నాను. తెల్లగుడ్డ కప్పారు. తల్లి కూలబడింది. గుడ్డ కింద వేలు కదిలింది. వాడు లేచాడు, తలకు కట్టు కట్టించుకున్నాడు, కారు బాగుచేసుకున్నాడు, పందెం గెలిచాడు, దండ వేశారు. శుభం.

మా ఆయన నా వైపు తిరిగాడు.

"సచ్చిపోయిండంటివి?"

"కోరుట్లల సచ్చిపోయిండు," అన్నాను.

మనుమరాలు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సంగతంతా అడిగి, చివరికి "తాతా, పోలీసోళ్ళు పొమ్మన్నంక రీళ్ళు డబ్బాలల్ల పెట్టింది నువ్వే గద?" అంది. ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు.

"గా దినం వంతెన కాడికెల్లి బయటపడ్డంక, గెలిచిననుకున్న," అన్నాడు మెల్లగా. "టాకీసు దాంక గదే అనుకుంట అచ్చిన. నువ్వేమో గెలిచినంక సస్తడంటివి. గందుకే బండి అమ్మిన."

పోలీసుల భయం కాదట. నేను చెప్పిన కథ. ఆయన తారుమారుగా సర్దిన రీళ్ళు నా నోటి గుండా ఆయనకే చేరి, ఆయనను బండి దింపాయి. ఈ మనిషికి అన్నిటికన్నా ఇష్టమైనది లేని చావు చెప్పి పోగొట్టానా, లేక ఆ చెప్పిన చావే మనిషిని ఇంతకాలం నా పక్కన ఉంచిందా? ఎంత ఆలోచించినా తేలలేదు. మంచిదైంది అందామంటే ఆయన ముఖం చూసి నోరు రాలేదు. పాపం అందామంటే మనసు ఒప్పలేదు.

ఆయన మనుమరాలితో "ఇంకోపారి పెట్టు బిడ్డా" అన్నాడు. పెట్టింది. మళ్ళీ బ్రేకు వైరు తెగింది, మళ్ళీ విశ్రాంతి అని పడింది. నాకు తెలియకుండానే ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను.

"నేనెటు పోతలేనే," అన్నాడు.