డబ్బాలో రాజు

కృష్ణమూర్తి సారుకు అనుమానం జబ్బు. జబ్బని ఆయన ఒప్పుకోరు, ఆ మాట చెప్పిన డాక్టరు చదువు మీద కూడా ఆయనకు అనుమానమే. నర్సింహులపేట పక్క ఊరి హైస్కూలుకు ఆయన హెడ్మాస్టరు. మానుకోట బస్సెక్కితే బోర్డు చదివి, డ్రైవర్‌ను అడిగి, కండక్టర్‌ను అడిగి, అదీ చాలక పక్క సీట్లో అవ్వను అడిగేవారు.

"అవ్వా, ఇది నిజంగనే మానుకోటకు పోతదా?"

"నేనైతే గాడికే పోతాన బిడ్డా. బస్సు సంగతి నాకెర్క లేదు."

ఆయన మధ్యలోనే దిగిపోయారు.

బడిలో కట్టమ్మ అన్నం వండితే, పిల్లలకంటే ముందు పళ్ళెం పట్టుకొని నిలబడేదీ ఆయనే. "కూర మీద అనుమానంగున్నది" అంటూ నాలుగు ముద్దలు లాగించేవారు. "అనుమానం కాదు, ఆకలి" అనేది కట్టమ్మ.

రెండువేల తొమ్మిది డిసెంబరులో ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చినప్పుడు బడంతా లడ్డూలు పంచారు. సారు లడ్డూ వాసన చూసి పక్కన పెట్టారు. "కాయితం ఏది? రాష్ట్రమొచ్చిన దినమే తింట." రెండు వారాల్లో ఆ మాట కాస్తా వెనక్కి పోయింది. ఆయన నోటి చలవేనని ఊరంతా తిట్టుకుంది.

మరో నాలుగేళ్ళకు, ఉద్యమం ఇంకా నడుస్తుండగానే, తెలుగు టీచరు మాధవీలత ఒక అట్టడబ్బా తెచ్చింది. లోపల రెండు అద్దాలు, ముందు సెల్‌ఫోను. కళ్ళకు కట్టుకుంటే నాటకం నడుమ నిలబడ్డట్టే. తల తిప్పితే సింహాసనం, వెనక్కి తిరిగితే కోట తలుపు. హైదరాబాదులో ఉండే ఆమె తమ్ముడు రాకేష్, దోస్తులతో కలిసి పాఠంలోని పాత నాటకాన్ని అలా తయారుచేశాడు. నాటకం పాఠమంటే ఆవులించే పిల్లలకు ఒక్కసారి రాజసభ చూపించాలని మాధవీలత ఎంతో ఆశపడింది. శనివారం రాకేష్ వచ్చి పాఠం చూస్తాడు, బాగా నడిస్తే బడికి మరిన్ని డబ్బాలు ఇస్తాడు.

"పిల్లల కండ్లు పోవు గద?" అన్నారు సారు.

"పోవు సార్."

"నువ్వు చూసినవా?"

"చూసిన సార్. మస్తు నవ్వొస్తది."

"రాజుల నాటకంల నవ్వెందుకొస్తది?" ఆయన డబ్బాను తలకిందులు చేశారు, చెవి దగ్గర ఊపారు, వాసన చూసి బీరువాలో పెట్టి తాళం వేశారు.

మర్నాడు కిటికీలోంచి చూస్తే సారు డబ్బా కట్టుకొని గదిలో తడుముకుంటున్నారు. ఎవరికో దండం పెట్టారు, ఎవరికో దారి ఇచ్చారు. ఉన్నట్టుండి బీరువా మీదికి వేలు చూపిస్తూ కోపంగా ఏదో అన్నారు. మాధవీలత నోరు మూసుకొని నవ్వింది. కానీ ఆ మర్నాటి నుంచి అన్నం గంట కొట్టగానే సారు ఆమె తరగతిలోని స్పందన, భోజ్యా అనే ఇద్దరు పిల్లలను లోపలికి పిలిచి తలుపు వేయడం మొదలుపెట్టారు.

"లోపట ఏం జేస్తుండ్రే?"

"సార్ చెప్పొద్దన్నడు టీచర్" అంది స్పందన. తరగతిలో పిలిచినా పలకని పిల్ల, కళ్ళల్లో నవ్వు దాచుకుంటోంది. అనుమానం అంటురోగమేమో, మాధవీలతకు రెండు రోజులు అన్నం సయించలేదు.

శనివారం రాకేష్ వచ్చాడు. తరగతిలో సాకేత్ అనే పిల్లవాడు బెంచీ మీద కూర్చొని డబ్బా కట్టుకున్నాడు. బొమ్మ వచ్చింది, మాట రాలేదు.

"సార్, ఏం జేసిన్రు?" అంది మాధవీలత.

"గొంతు బంద్ జేసిన."

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. ఇక డబ్బాలు రానట్టే. అంతలో సాకేత్ వెనక నుంచి స్పందన గొంతు ఖంగుమంది.

"ఎవడ్రా గా తలుపుకాడ? జర ముంగటికి రా."

"నేనే మారాజా, కావలోన్ని" అన్నాడు భోజ్యా. "పండలే. కండ్లు మూసుకొని కావలి గాత్తాన."

తరగతి గొల్లుమంది. సాకేత్ మెడ తిప్పి సింహాసనం వైపు చేయి చాపాడు. "టీచర్, రాజుది మనూరే."

సారు మాధవీలతను పక్కకు పిలిచారు. "తల్లీ, డబ్బాల రాజు పుస్తకం తీరు మాట్లాడతడు, మంత్రి బెజవాడ తీరు. తాగి పొర్లే కావలోనికే మన మాట పెట్టిన్రు. నీకు నవ్వొచ్చింది గక్కడ్నే గద?"

అక్కడే. ఆమె తల దించుకుంది.

"సిన్మల అయితే పోరగాడు పక్కకు జూస్తడు. గిది కట్టుకుంటే యాడికి జూస్తడు? వాళ్ళవ్వ మాటను ఎక్కిరిస్తాంటే నడుమ నిలబడి ఇనాలె. పిల్లల ముంగటికి ఏది పోవాలన్నా ముందుగాల నా మీదికెళ్ళే పోవాలె."

మాధవీలతకు కట్టమ్మ కూర గుర్తొచ్చింది. ఆ నాలుగు ముద్దలు ఆకలి కోసం కాదు. ఇన్నేళ్ళూ ఈయన్ను చూసి నవ్వుకున్నందుకు సిగ్గేసింది, ఎంతో ముద్దుగానూ అనిపించింది.

"గొంతులు కిరాయికి చెప్పించినం సార్, నాకు తట్టనే లేదు" అన్నాడు రాకేష్. "వీళ్ళ గొంతులే పెడత. డబ్బాలు కూడ పంపుత."

"పెట్టినంక ముందు నాకు చూపియ్యి. నువ్వు మంచోనివే. ఫోను మీదనే అనుమానం."

జూన్‌లో రాష్ట్రం వచ్చింది. సెలవులైనా పిల్లలు జెండా దగ్గర చేరి, లడ్డూల కోసం వరస కట్టారు. మొదటి లడ్డూ సారే తీసుకున్నారు. ఈసారి వాసన చూడలేదు. కళ్ళు మూసుకొని చాలాసేపు నమిలారు.

"ఎట్లున్నది సార్? మేం తినొచ్చా?" అన్నాడు సాకేత్.

"ఇంక జర అనుమానమున్నది" అన్నారు సారు, మీసానికంటిన లడ్డూ పొడి తుడుచుకుంటూ. "ఇంకొకటి ఇటియ్యి."