మా బావకు కామెర్లు రాలేదు

మా బావ పోయాడన్న కబురు మలక్‌పేటలో మా ఇంటి కిందున్న కిరాణా కొట్టు ఫోనుకు వచ్చింది. "చెల్లే, మీ బావ ఇగ లేడే," అంది అక్క. చాయ్ తాగుతూ తాగుతూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడట. ఎట్ల పోయిండమ్మా అని కొట్టాయన అడిగితే గుండెపోటు అని చెప్పాను. మెట్ల మీద ఎదురైన వాళ్ళకూ, ఆటోలో నా పక్కన కూర్చున్న ఆడబిడ్డకూ అడగకముందే అదే మాట చెప్పాను. చెప్పింది నిజమే. కానీ ఎవరైనా ఇంకోలా అనుకుంటారేమోనన్న భయంతో చెప్పాను. ఆయన పోయిన పొద్దే, ఆయన గురించి నేను మళ్ళీ సిగ్గుపడ్డాను. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే.

ఆయన మా అక్క భర్త, సిటీ బస్సు డ్రైవరు. గౌలిపురాలో మా పుట్టింటి వెనక వాటాలోనే వాళ్ళ కాపురం. ముందు భాగంలో మా బాపు బర్రెలను పెట్టుకుని పాలు అమ్మేవాడు. బావ డ్యూటీ దిగి రాగానే ఖాకీ చొక్కా విప్పి, దూడలకు గడ్డి వేస్తూ ఆ రోజు బస్సులో జరిగిన తగాదాలన్నీ వాటికి చెప్పేవాడు. వింటున్న మేము పడీ పడీ నవ్వేవాళ్ళం.

డెబ్బైల మొదట్లో ఒకరోజు నయాపూల్ వంతెన మీద ఆయన బస్సు ఆపేశాడు. ముందు అడ్డమేమీ లేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, మనిషి కదల్లేదు. వెనక హారన్లు, లోపల జనం లొల్లి. చివరికి కండక్టరు ఆయనను రిక్షాలో ఇంటికి తీసుకొచ్చాడు. "కుచ్ హువా నై భాయ్, బస్ రోతే బైఠే," అన్నాడు మా బాపుతో మెల్లగా. ఏమీ జరగలేదు, ఉత్తగా ఏడుస్తూ కూర్చున్నాడని.

ఆ ఏమీ జరగకపోవడమే మాకు అర్థం కాలేదు. ఇంట్లో కొట్లాట లేదు, ఎవరూ చనిపోలేదు. అయినా ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. కంచం ముందు పెడితే అన్నం చల్లారేదాకా దాన్నే చూసేవాడు. "మొగోడివి, గిట్ల ఏడుస్తరా? నలుగురు ఏమనుకుంటరు?" అనేవాడు బాపు. తాయెత్తు కట్టించారు. ఆఖరికి మా అక్కే, ఆ కండక్టరును తోడు తీసుకుని ఆయనను పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళింది. మా ఇంట్లో దాన్ని అలాగే అనేవాళ్ళం, అదీ గొంతు తగ్గించి.

పాలకు వచ్చేవాళ్ళకు మాత్రం కామెర్లని చెప్పాం. మా గల్లీ వాళ్ళు మంచివాళ్ళు. ఒకరు చెరుకు రసం పంపారు, ఇంకొకరు నేల ఉసిరి నూరి పంపారు. ఆస్పత్రి నుంచి వచ్చిన బావ కొన్నాళ్ళు నోరెత్తకుండా అవన్నీ తాగాడు.

కాస్త కోలుకున్నాక ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాలకు వచ్చిన ఎదురింటి పెద్దాయన, "కామెర్లు తగ్గినయా బిడ్డా?" అని అడిగాడు.

"నాకు కామెర్లు రాలేదు కాకా. మనసు బాగలేకుండె. దవాఖానల ఉన్న, ఇప్పుడు గోలీలు తింటున్న," అన్నాడు బావ. కొంచెం ఆగి, "నువ్వు పంపిన చెరుకు రసం మాత్రం మస్తుగుండె," అన్నాడు.

పెద్దాయన గిన్నె మూత సరిచేసుకుని గల్లీలోకి నడిచాడు. ఆయన అటు వెళ్ళగానే, "ఇజ్జత్ తీసినవ్ కద!" అని బాపు అరిచాడు.

"దాచుకునుడే నన్ను గంత దూరం తీసుకపోయింది మామా," అన్నాడు బావ. నాకు మాత్రం ఆ రోజు బాపు కోపమే న్యాయంగా తోచింది.

తర్వాత ఆయనకు బస్సు ఇవ్వలేదు, డిపోలో టైర్ల దగ్గర వేశారు. దాని గురించి పెద్దగా మాట్లాడేవాడు కాదు. మనుషులను పలకరించే తీరు మాత్రం మారింది. బాగున్నవా అనడం మానేశాడు. "నిద్ర మంచిగ పడ్తుందా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగేవాడు. "బాగున్న అని మరీ తొందరగ అన్నడనుకో, ఇంకోపారి అడగాలె," అనేవాడు. పాలకు వచ్చిన మగవాళ్ళు కొందరు గిన్నె పక్కన పెట్టి ఆయన దగ్గర కూర్చోవడం మొదలైంది. ఏం మాట్లాడుకునేవాళ్ళో మేం పట్టించుకోలేదు. మా భయమంతా ఇల్లు బద్నాం అవుతుందనే.

ఆ రోజుల్లోనే నాకు మలక్‌పేట సంబంధం వచ్చింది. బాపు నన్ను పిలిచి, "వాళ్ళ ముంగట మీ బావ గా ముచ్చట తీస్తే నీ పెండ్లయితదా? నువ్వే పోయి చెప్పు. నీ మాట కాదనడు," అన్నాడు. నేను వెనక వాటాకు వెళ్ళాను. బావ దూడను కడుగుతున్నాడు.

"బావా, ఐతారం వాళ్ళొస్తున్నరు. నువ్వు..." అని ఆగిపోయాను.

ఆయన నా ముఖం చూశాడు. "నాకు డ్యూటీ పడ్డదని చెప్పుండ్రి తియ్యి," అన్నాడు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని నవ్వాడు కూడా.

ఆదివారం సెలవు రోజున ఖాకీ బట్టలు తొడుక్కుని జల్‌పల్లిలో తెలిసినవాళ్ళింటికి వెళ్ళి, పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాడు. దాచుకోవడం వల్లే చెడిపోయానన్న మనిషి నా కోసం దాక్కున్నాడు. సంబంధం కుదిరిందన్న మాట కూడా ఆయనకు నేను చెప్పలేదు, అక్క చెప్పింది. నా పెళ్ళిలో ఆయన వంటల దగ్గరే ఉండిపోయాడు.

కొన్నేళ్ళకు మా ఆయనకు నిద్ర కరువైంది. పని నుంచి వచ్చి బూట్లు విప్పకుండా అలాగే కూర్చునేవాడు. చిన్నదానికి అరిచేవాడు, తర్వాత అటు తిరిగి కళ్ళు తుడుచుకునేవాడు. అడిగినవాళ్ళకు గ్యాస్ ట్రబుల్ అని చెప్పాను. అప్పుడు మా బాపు చేసిందే ఇప్పుడు నేను చేశాను.

అక్క ద్వారా ఏం తెలిసిందో, పిలవకుండానే బావ వచ్చాడు. నిద్ర పడుతుందా అని అడిగాడు. "మంచిగున్న అన్నా," అన్నాడు మా ఆయన. బావ చాయ్ తాగి, మళ్ళీ అడిగాడు.

"గీ బాధ నాకెరుకనే తమ్మీ. నడి వంతెన మీద బస్సాపినోన్ని. నీదేందో చెప్పు."

మా ఆయన బావురుమన్నాడు. నేను చేసిన మొదటి పని, పక్కింటి వైపు కిటికీ మూయడం.

"తెరువు పిల్లా, ఉక్కవోస్తుంది," అన్నాడు బావ, నా వైపు తిరక్కుండానే.

మర్నాడు సెలవు పెట్టి ఆయనే మా వారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఆ తర్వాతా చాలా నెలలు తోడు వెళ్ళాడు. మా ఆయన కోలుకున్నాడు. అన్ని నెలల్లో బావ ఆ ఆదివారం ముచ్చట ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. మీ ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఉంటే, ఏమీ లేదన్న జవాబుతో ఊరుకోకండి. ఊరుకోవడం ఎంత సులువో నాకు తెలుసు.

పదో దినం నాడు భోజనాలయ్యాక మగవాళ్ళంతా వాకిట్లో చాపల మీద కూర్చున్నారు. బావ మంచితనం గురించి ఎవరికి తోచింది వాళ్ళు అంటున్నారు. మా ఆయన లేచి నిలబడ్డాడు. "నా మనసు బాగలేనప్పుడు నన్ను దవాఖానకు తోలుకపోయింది అన్ననే. ఇయాల గిట్ల మీ ముంగట ఉన్ననంటే ఆయన వల్లనే," అన్నాడు.

నేను భయంగా బాపు వైపు చూశాను. బాపుకు ఇప్పుడు మోకాళ్ళు సరిగా వంగవు. రెండు చేతులూ నేలకు ఆనించి, కష్టంగా, చాప మీద కొంచెం పక్కకు జరిగాడు. ఖాళీ అయిన చోటును అరచేత్తో తట్టి, "ఇట్లొచ్చి కూసో బిడ్డా," అన్నాడు.

మా ఆయన వెళ్ళి కూర్చున్నాడు. బావ కోసం బాపు అట్లా జరగడం నేను ఎన్నడూ చూడలేదు.